యూకేలో గొంతు నొప్పి వస్తే: ఫార్మసీకా, జీపీకా, సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలకా?

సెప్టెంబరులో ఇక్కడ దిగిన పిల్లలకి అక్టోబరు వచ్చేసరికి గొంతు పట్టుకుంటుంది. కొత్త చలి, లెక్చర్ హాల్లో వందమంది దగ్గు, ఆరుగురికి కలిపి ఒకటే వంటగది. వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్న ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: "అన్నా, గుటక మింగలేకపోతున్నాను, యాంటీబయాటిక్ ఎక్కడ దొరుకుతుంది?" జవాబులు మాత్రం తలో రకం. జీపీకి, అంటే మన పేరు నమోదైన స్థానిక డాక్టర్‌కి, ఫోన్ చెయ్యమని ఒకరు, నా దగ్గర అజిత్రోమైసిన్ ఉంది వచ్చి తీసుకో అని ఇంకొకరు, ఏ అండ్ ఈకి, అంటే ఆస్పత్రి ఎమర్జెన్సీకి, పొమ్మని మరొకరు, ఇంటికి ఫోన్ చేసి మన డాక్టర్‌నే అడగమని వేరొకరు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న, మామూలుగా ఆరోగ్యంగా ఉండే పెద్దవాళ్లకీ, ఐదేళ్లు నిండిన పిల్లలకీ నా సలహా ముందే చెప్పేస్తాను. నొప్పి భరించగలిగేలా ఉంటే రెండు మూడు రోజులు ఇంట్లోనే చూసుకోండి. జ్వరంతో పాటు మింగలేనంత నొప్పి ఉంటే జీపీ అపాయింట్‌మెంట్ కోసం కాచుకోకుండా దగ్గర్లోని ఫార్మసీకి నడిచి వెళ్లండి. సూట్‌కేసులోని మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు మందు ఎక్కడ సులువుగా దొరుకుతుందని కాదు, మీ గొంతు లోపలికి చూసి చెప్పేవాళ్లు ఎక్కడ త్వరగా దొరుకుతారని ఆలోచించండి. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే తేలతాయి.

ముందు కాస్త లెక్క

గొంతు నొప్పుల్లో ఎక్కువ శాతం వైరస్ వల్ల వచ్చేవే. యాంటీబయాటిక్ వాటిని ఏమీ చెయ్యదు. బాక్టీరియా వల్ల వచ్చేవాటిలో ముఖ్యమైనది గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్, వాడుకలో స్ట్రెప్. వైరస్ అయినా, స్ట్రెప్ అయినా చాలామందికి వారం రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ వేసుకుంటే నొప్పి ఎంత ముందుగా తగ్గుతుందని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సగటున పదహారు గంటలు. రోజు కూడా కాదు. ఈ అంకె విన్నాక చాలామంది తగ్గుతారు, "అయితే అంత హైరానా ఎందుకు" అని.

అలాగని యాంటీబయాటిక్ దండగ అనుకోకూడదు. స్ట్రెప్ గట్టిగా పట్టినవాళ్లకి అది నిజంగా మేలు చేస్తుంది, టాన్సిల్ పక్కన చీము గడ్డ కట్టే ప్రమాదాన్ని తగ్గిస్తుంది, ఇంట్లో మిగతావాళ్లకి అంటకుండా చూస్తుంది. ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో విడదీయడమే అసలు పని. ఆ పని ఇప్పుడు ఫార్మసీలో జరుగుతోంది.

ఇంట్లోనే చూసుకోవడం

ముక్కు కారుతూ, తుమ్ములు, దగ్గు, గొంతులో గరగర ఉంటే అది దాదాపుగా జలుబు తాలూకు గొంతు నొప్పే. పారాసిటమాల్, ఉప్పు నీళ్లు పుక్కిలించడం, మిరియాల చారు, వేడి అన్నం, నిద్ర. ఇవి చాలు. ఐబుప్రోఫెన్ కడుపులో మంట, ఆస్తమా, కిడ్నీ సమస్య లేనివాళ్లకి బాగా పనిచేస్తుంది, తిన్న తర్వాత వేసుకోవాలి. పదహారేళ్లలోపు వాళ్లకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, ఏడాదిలోపు పాపాయికి తేనె నాకించకూడదు. నొప్పి తగ్గించే చప్పరింపు బిళ్లలు, స్ప్రేలు కాసేపు ఉపశమనం ఇస్తాయి, అంతకు మించి ఆశించొద్దు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్ తరచుగా 650 మిల్లీగ్రాములది. ఇక్కడి మాత్ర 500. ఆ పైన వేడి నీళ్లలో కలుపుకునే జలుబు పొడులు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి కదా, నిమ్మకాయ వాసనతో. వాటిలోనూ పారాసిటమాలే ఉంటుంది, ఒక్కో ప్యాకెట్‌లో 1000 మిల్లీగ్రాముల దాకా. పొద్దున మాత్ర, మధ్యాహ్నం పొడి, రాత్రి ఇంకో మాత్ర, మధ్యలో ఇంకో పొడి అంటూ వేసుకునేవాళ్లకి ఎంత లోపలికి పోయిందో తెలియదు. పెద్దవాళ్లకి 24 గంటల్లో మొత్తం 4000 మిల్లీగ్రాములు దాటకూడదు, సన్నగా బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. ఇలాంటి చిన్న లెక్క తప్పడం వల్ల కూడా కాలేయం దెబ్బతింటుంది.

ఫార్మసీలో ఏం జరుగుతుంది

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న 'ఫార్మసీ ఫస్ట్' అనే సేవ మొదలైంది. ఏడు రకాల జబ్బులకి, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండానే, ఫార్మసిస్ట్ చూసి అవసరమైతే యాంటీబయాటిక్ లాంటి మందులు కూడా ఇవ్వొచ్చు. గొంతు నొప్పి వాటిలో ఒకటి. ఐదేళ్లు నిండిన పిల్లల నుంచి పెద్దల దాకా ఎవరైనా వెళ్లొచ్చు. పదివేలకు పైగా ఫార్మసీలు ఇందులో చేరాయి కాబట్టి మీ వీధి చివరి ఫార్మసీలోనూ ఉండే అవకాశమే ఎక్కువ.

అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. కౌంటర్ దగ్గర "గొంతు నొప్పి ఉంది, ఫార్మసీ ఫస్ట్ కింద చూపించుకోవాలి" అని చెప్తే చాలు. ఫార్మసిస్ట్ ఖాళీ అయ్యేదాకా కూర్చోమంటారు. తర్వాత పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్తారు. మన దగ్గర మందుల షాపంటే గాజు బల్లకి అవతల ఒకరు, ఇవతల పదిమంది. అందరి ముందూ చెప్పుకోవాలి. ఇక్కడ తలుపు వేసి మాట్లాడతారు. ఈ గది సంగతి చాలామంది కొత్తవాళ్లకి తెలియనే తెలియదు. పైగా కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లంతా ఫార్మసిస్టులు కారు. మొదట మాట్లాడే అమ్మాయి చప్పరింపు బిళ్లలు చూపించి ఊరుకుంటే, "ఫార్మసిస్ట్‌తో మాట్లాడొచ్చా" అని మర్యాదగా అడగండి. అందులో మొహమాటం అక్కర్లేదు.

లోపల ముందు ప్రశ్నలు. ఎప్పుడు మొదలైంది, గడిచిన 24 గంటల్లో జ్వరం వచ్చిందా, దగ్గు, జలుబు ఉన్నాయా, ఏం మందులు వాడుతున్నారు, ఏదైనా పడదా, గర్భిణా. తర్వాత టార్చ్ వేసి, నాలుకని పుల్లతో అదిమి, "ఆ" అనమంటారు. మెడ కింద బిళ్లలు కట్టాయేమో తడిమి చూడొచ్చు. అప్పుడు లెక్క వేస్తారు. ఈ లెక్కకి 'ఫీవర్‌పెయిన్' స్కోర్ అని పేరు. ఐదు అంశాలు, ఒక్కోదానికి ఒక మార్కు: గత 24 గంటల్లో జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మొదలైన మూడు రోజుల్లోపే వచ్చి చూపించుకోవడం, టాన్సిల్స్ బాగా ఎర్రగా వాచిపోవడం, దగ్గూ జలుబూ లేకపోవడం.

చివరిది విని ఆశ్చర్యపోతారు. దగ్గు ఉంటే జబ్బు ఎక్కువని మనం అనుకుంటాం. స్ట్రెప్ విషయంలో దగ్గు లేకపోతేనే అనుమానం పెరుగుతుంది.

స్కోర్ సున్నా లేదా ఒకటి వస్తే స్ట్రెప్ ఉండే అవకాశం 13 నుంచి 18 శాతం. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమంటారు. రెండు, మూడు వస్తే 34 నుంచి 40 శాతం. నొప్పి మాత్రలు వాడి, కొన్ని రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రమ్మంటారు. నాలుగు, ఐదు వస్తే 62 నుంచి 65 శాతం. అప్పుడు నొప్పి తీవ్రంగా ఉంటే అక్కడికక్కడే యాంటీబయాటిక్ ఇస్తారు. నాలుగు వచ్చినా బాధ పెద్దగా లేకపోతే, కొద్ది రోజులు ఆగి చూద్దామా అని మీతో మాట్లాడి తేలుస్తారు.

ఇక్కడ చాలామందికి నిరాశ. "ఊరికే చూసి పంపేశారు, మందే ఇవ్వలేదు" అని. ఊరికే చూడలేదు. చీము లేదని, ఒక పక్క వాపు లేదని, ప్రమాద లక్షణాలు లేవని శిక్షణ ఉన్న మనిషి కళ్లతో చూసి చెప్పారు. దానికి మీరు పైసా కట్టలేదు. ఎప్పుడు మళ్లీ రావాలో కూడా చెప్పి పంపారు. మన ఊళ్లో రెండొందలు కన్సల్టేషన్ కట్టి, మూడు రకాల మాత్రలు తెచ్చుకున్నప్పుడు ఇంత శ్రద్ధగా గొంతు చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారో గుర్తు తెచ్చుకోండి.

ఖర్చు సంగతి: చూసినందుకు డబ్బుల్లేవు. యాంటీబయాటిక్ ఇస్తే ఇంగ్లండ్‌లో మామూలు ప్రిస్క్రిప్షన్ ఛార్జీ, 2024 మే నుంచి 9.90 పౌండ్లు. జీపీ రాసినా అంతే కట్టాలి కాబట్టి డబ్బు విషయంలో రెండింటికీ తేడా లేదు. పదహారేళ్లలోపు వాళ్లకి, పూర్తికాల చదువులో ఉన్న పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లకి, అరవై ఏళ్లు నిండినవాళ్లకి, ప్రసూతి మినహాయింపు సర్టిఫికెట్ ఉన్న గర్భిణులకి ఉచితం. మాస్టర్స్ చేసేవాళ్లకి వయసు దాటిపోతుంది కాబట్టి ఉచితం కాదు, కానీ ఆదాయం తక్కువని హెచ్‌సీ1 ఫారం పెట్టుకోవచ్చు. వీసాతో పాటు కట్టిన హెల్త్ సర్‌ఛార్జి, స్టూడెంట్లకి ఏడాదికి 776 పౌండ్లు, మిగతా ఎక్కువ మందికి 1,035 పౌండ్లు, ఇలా చూపించుకోవడం దాని కిందికే వస్తుంది. అంత కట్టి వాడుకోకపోవడం అన్యాయం.

ఇచ్చే మందు సాధారణంగా ఫినాక్సీమిథైల్ పెనిసిలిన్, ఐదు రోజులకి. పెద్దవాళ్లకి 500 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు, లేదా 1000 మిల్లీగ్రాములు రెండుసార్లు. ఇక్కడ మాత్ర 250ది కాబట్టి ఒక్కోసారి రెండు లేదా నాలుగు మాత్రలు మింగాలి. డబ్బా నిండా మాత్రలు చూసి కంగారు పడకండి. ఖాళీ కడుపుతో, అంటే తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకుంటే బాగా పనిచేస్తుంది. రోజుకి నాలుగుసార్లంటే షిఫ్టు పనులు చేసేవాళ్లకి కష్టం. రెండుసార్ల పద్ధతి కుదురుతుందా అని గదిలో ఉన్నప్పుడే అడగండి.

"నాకు పెనిసిలిన్ పడదు" అనేవాళ్లకి

మనలో చాలామంది ఇలాగే చెప్తారు, చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట. అసలేం జరిగిందని అడిగితే చెప్పలేరు. ఫార్మసిస్ట్‌కి కావలసింది ఆ వివరమే. ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా, మొహం వాచిందా, ఊపిరి ఆడలేదా, లేక విరేచనాలు మాత్రమే అయ్యాయా. విరేచనాలు, వికారం అలర్జీ కాదు. వెళ్లేముందే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. నిజంగా అలర్జీ ఉంటే క్లారిత్రోమైసిన్ ఇస్తారు, గర్భిణులకైతే ఎరిత్రోమైసిన్. అయితే క్లారిత్రోమైసిన్‌కి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో, ఇంకా చాలా మందులతో పొసగదు. అందుకే ఏం వాడుతున్నారో పూర్తిగా చెప్పాలి. ఇండియా బ్రాండ్ పేర్లు ఇక్కడివాళ్లకి అర్థం కావు. స్ట్రిప్ వెనకున్న అసలు మందు పేరు కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి.

టెస్ట్ చెయ్యరా? వేల్స్‌లో చేస్తారు

"గొంతులో దూది పుల్ల పెట్టి టెస్ట్ చేస్తారట కదా" అని అడిగేవాళ్లున్నారు. అది వేల్స్ పద్ధతి. అక్కడ 2018లో కొన్ని ఫార్మసీల్లో మొదలుపెట్టి, తర్వాత విస్తరించారు. ఆరేళ్లు నిండినవాళ్లకి ముందు ఇలాంటి స్కోరే వేసి, అది తగినంత ఉంటే గొంతులోంచి స్వాబ్ తీసి స్ట్రెప్ టెస్ట్ చేస్తారు. నిమిషాల్లో ఫలితం. కార్డిఫ్‌లోనో స్వాన్సీలోనో చదివేవాళ్లకి ఇదే తలుపు. వేల్స్‌లో మందులకి ఛార్జీ కూడా లేదు. స్కాట్లండ్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లోనూ ప్రిస్క్రిప్షన్లు ఉచితమే, కాకపోతే ఫార్మసీ నియమాలు వేరు. అక్కడున్నవాళ్లు ముందు ఫార్మసీలో అడిగితే వాళ్లే దారి చెప్తారు.

ఇంగ్లండ్ ఫార్మసీ ఫస్ట్‌లో స్వాబ్ లేదు. ఏ వైద్యం వాడాలో చెప్పే నైస్ సంస్థ 2019లోనే, ఐదేళ్లు దాటినవాళ్ల గొంతు నొప్పికి ఈ టెస్టుల్ని మామూలుగా వాడమని సిఫారసు చెయ్యలేదు. నాకూ మొదట్లో ఇది పిసినారితనంలా తోచింది. కానీ ఆలోచించాల్సిన మాట ఒకటుంది. కొంతమంది పిల్లల గొంతులో స్ట్రెప్ ఊరికే నివాసం ఉంటుంది, జబ్బు చెయ్యదు. వాళ్లకి వైరస్ జలుబు చేసినప్పుడు టెస్ట్ చేస్తే పాజిటివ్ వస్తుంది, అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది. అంటే టెస్ట్ ఉన్నంత మాత్రాన మనిషిని చూడకుండా తేల్చలేం. మరోపక్క, మూడు స్కోర్ వచ్చి ఊగిసలాడే మనిషికి ఆ పుల్ల టెస్ట్ మనశ్శాంతినిస్తుంది, నెగెటివ్ వస్తే యాంటీబయాటిక్ ఎందుకు వద్దో ఒప్పించడం కూడా తేలిక. రెండింట్లో నన్ను ఎంచుకోమంటే వేల్స్ పద్ధతే బాగుందంటాను. కానీ ఇంగ్లండ్‌లో ఉండి, టెస్ట్ లేదన్న కారణంతో ఫార్మసీ మానేసి జీపీ కోసం పట్టుబట్టడంలో అర్థం లేదు. జీపీ కూడా మామూలుగా ఇదే స్కోర్ వేస్తారు. డబ్బు తీసుకుని ప్రైవేటుగా టెస్ట్ చేసే చోట్లు ఉన్నాయి గానీ, సాధారణ గొంతు నొప్పికి ఆ ఖర్చు వద్దు.

సూట్‌కేసులో మాత్రలు

ఇది కాస్త నిదానంగా చదవండి. దాదాపు ప్రతి సూట్‌కేసులోనూ ఒక మందుల కవరు ఉంటుంది, అందులో అజిత్రోమైసిన్ 500 మూడు మాత్రల స్ట్రిప్ ఒకటి. అమ్మ పెట్టిన ప్రేమ అది, కాదనను. ఆ స్ట్రిప్‌ని వెనక్కి తిప్పి చూడండి. నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. ఇండియాలో కూడా అది షెడ్యూల్ హెచ్ మందు. అమ్మేశారు, కొనేశాం, అంతే.

స్ట్రెప్‌కి అజిత్రోమైసిన్ మొదటి మందు కాదు. ఇందులో విశేషమేమిటంటే, 1940ల నుంచి పెనిసిలిన్ వాడుతున్నా స్ట్రెప్ ఏ మీద అది ఇప్పటికీ పనిచేస్తోంది. అజిత్రోమైసిన్ కుటుంబానికి మాత్రం లొంగని స్ట్రెప్ చాలా దేశాల్లో కనిపిస్తోంది. అంటే పాతదైన, చవకైన, ఇరుకు పరిధిలో పనిచేసే పెనిసిలినే ఇక్కడ మెరుగైన మందు. మూడు రోజుల్లో అయిపోతుందన్న సుఖం కోసం తక్కువ నమ్మకమైనదాన్ని ఎంచుకుంటున్నాం. కొందరికి అది గుండె లయని కూడా ఇబ్బంది పెడుతుంది.

ఇంకో చిక్కు అమాక్సిసిలిన్‌తో. చదువుకునే వయసులో గ్లాండ్యులర్ ఫీవర్ అనే వైరస్ జబ్బు సాధారణం. గొంతు భయంకరంగా ఉంటుంది, టాన్సిల్స్ మీద తెల్లటి పొర, మెడలో బిళ్లలు, వారాల తరబడి నీరసం. చూడ్డానికి అచ్చం స్ట్రెప్‌లా ఉంటుంది. దానికి అమాక్సిసిలిన్ వేసుకుంటే చాలామందికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అది అలర్జీ కాకపోయినా, ఆ రోజు నుంచి జీవితాంతం "నాకు పెనిసిలిన్ పడదు" అని చెప్పుకుంటూ తిరుగుతారు. పైన చెప్పిన అయోమయంలో కొంత ఇక్కడి నుంచే పుడుతుంది.

రూమ్మేట్ మిగిల్చిన రెండు మాత్రలు, మనం వేసుకున్న ఒక మాత్ర, రేపటికి తగ్గిందని ఆపేయడం: ఇవి ఇంకా అన్యాయం. మిగిలిన యాంటీబయాటిక్‌లు చెత్తబుట్టలో వెయ్యకండి, టాయిలెట్‌లోనూ పారబొయ్యకండి. ఏ ఫార్మసీకి తీసుకెళ్లి ఇచ్చినా వాళ్లే సరిగ్గా పారేస్తారు.

ఇండియాలో డాక్టర్‌కి వీడియో కాల్

భాష సమస్య లేదు, మన మనిషి, ధైర్యం వస్తుంది. ధైర్యం కోసమైతే చెయ్యండి. కానీ ఫోన్ కెమెరాలో టాన్సిల్ సరిగ్గా కనబడదు. పైగా ఇండియా డాక్టర్ రాసిన చీటీకి యూకే ఫార్మసీలో మందు ఇవ్వరు. కాబట్టి ఆ కాల్ చివరికి మళ్లీ సూట్‌కేసు దగ్గరికే తీసుకెళ్తుంది.

జీపీ దగ్గరికే వెళ్లాల్సినవాళ్లు

ఐదేళ్లలోపు పిల్లలకి ఫార్మసీ ఫస్ట్‌లో గొంతు చూడరు. వాళ్లని జీపీకే చూపించాలి, సాయంత్రాలు, వారాంతాల్లో 111కి, అంటే ప్రభుత్వ వైద్య సలహా నంబరుకి, ఫోన్ చెయ్యాలి. 2022 డిసెంబరులో ఈ దేశంలో గ్రూప్ ఏ స్ట్రెప్ విజృంభించి చిన్నపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటినుంచి స్కూళ్లు, జీపీలు జ్వరంతో నీరసించిపోయిన పిల్లల విషయంలో ఉపేక్షించడం లేదు. మీరూ ఉపేక్షించకండి. ఒంటి మీద గరుకు కాగితంలా తగిలే దద్దుర్లు, ఎర్రగా బుడిపెలు తేలిన నాలుక కనబడితే అది స్కార్లెట్ ఫీవర్ కావచ్చు. దానికి పది రోజుల కోర్సు, జీపీయే రాయాలి.

గొంతు నొప్పి మళ్లీ మళ్లీ వస్తూ ఏడాదిలో ఏడుసార్లు పడకేసినవాళ్లు, వారం దాటినా తగ్గనివాళ్లు, గొంతు బొంగురు మూడు వారాలకి మించి ఉన్నవాళ్లు, కీమోథెరపీ లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లు కూడా జీపీ దగ్గరికే.

మనవాళ్లు చెప్పకుండా దాటేసే విషయాలు రెండున్నాయి. ఒకటి, చిన్నప్పుడు కీళ్ల నొప్పులు, జ్వరం వచ్చి 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లు. అది రుమాటిక్ ఫీవర్, స్ట్రెప్ గొంతు తర్వాత వచ్చి గుండె కవాటాల్ని దెబ్బతీసేది. ఇంగ్లండ్‌లో ఇప్పుడది చాలా అరుదు కాబట్టి మీరు చెప్తే తప్ప ఎవరికీ తట్టదు. మీకు ఈ చరిత్ర ఉంటే స్కోర్‌తో పనిలేదు, వెంటనే జీపీకి చెప్పాలి. రెండోది, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని కార్బిమజోల్ వాడుతున్నవాళ్లు. ఇండియాలో దాన్ని నియో మెర్కజోల్ అంటారు. ఆ మందు అరుదుగా రక్తంలోని తెల్లకణాల్ని పడగొడుతుంది, మొదట కనబడేది గొంతు నొప్పే. ఈ మాత్ర వాడేవాళ్లకి గొంతు నొప్పి, జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష జరగాలి. ఆదివారమైనా సరే.

ఎప్పుడు ఏ అండ్ ఈ, ఎప్పుడు 999

ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం, ఉమ్ము కూడా మింగలేక చొంగ కారడం, పెదాలు నీలంగా మారడం: అంబులెన్స్ కోసం 999. నోరు తెరవలేకపోవడం, ఒక పక్కే విపరీతమైన నొప్పి, మాట నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు రావడం టాన్సిల్ పక్కన చీము చేరిన లక్షణాలు, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఇవేవీ లేని గొంతు నొప్పితో ఏ అండ్ ఈకి వెళ్తే గంటల తరబడి కూర్చుని, చివరికి పారాసిటమాల్ సలహాతో తిరిగి రావాలి.

అమ్మానాన్న వచ్చినప్పుడు

విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు సర్‌ఛార్జి కట్టరు. అయినా ఇంగ్లండ్‌లో జీపీకి చూపించుకోవడం ఎవరికైనా ఉచితమే, తాత్కాలిక పేషెంట్‌గా రిజిస్టర్ చేయించవచ్చు. ఏ అండ్ ఈలో చూసేదానికీ డబ్బుల్లేవు, కానీ వార్డులో చేర్చుకుంటే బిల్లు పడుతుంది, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) రేటుకి 150 శాతం. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా తీసుకురావొద్దు. గొంతు నొప్పి వరకైతే వాళ్లని కూడా ముందు ఫార్మసీకే తీసుకెళ్లండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలన్నీ చేత్తో పట్టుకుని వెళ్లండి. పక్కనే ఉండి తెలుగులో అడిగి చెప్పండి, ఎందుకంటే నాన్నలు "ఏం లేదు, బానే ఉంది" అని అన్ని ప్రశ్నలకీ ఒకటే జవాబు చెప్తారు.

వాళ్లు తిరిగి వెళ్లాక ఇక్కడి పద్ధతి అక్కడ యథాతథంగా కుదరదు. విజయవాడలోనో వరంగల్‌లోనో మెడికల్ షాపతనికి గొంతు చూసే శిక్షణ గానీ, డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చే అధికారం గానీ లేవు. అక్కడ గొంతు చూసే మనిషి డాక్టరే: బస్తీ దవాఖానా, పీహెచ్‌సీ, లేదా మీ కుటుంబ డాక్టర్. వానాకాలంలో జ్వరంతో గొంతు నొప్పి ఉంటే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసిటమాల్ ఒక్కటే. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి చీముతో గొంతు నొప్పి వస్తే రుమాటిక్ ఫీవర్ భయం అక్కడ నిజమైనది కాబట్టి, డాక్టర్లు యాంటీబయాటిక్ వైపు త్వరగా మొగ్గుతారు, కోర్సు కూడా పది రోజులు రాస్తారు. ఇక్కడ ఐదు రోజులే ఇచ్చారు కదా అని మధ్యలో ఆపించకండి. టీకాలు పూర్తికాని పిల్లల గొంతులో బూడిదరంగు పొర కనబడితే కంఠసర్పి, అంటే డిఫ్తీరియా కావచ్చు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి అలాంటి కేసులు ఇప్పటికీ వస్తున్నాయి. ఆ పొర చూశాక ఇంకెక్కడా ఆగకుండా నేరుగా అలాంటి పెద్దాస్పత్రికే తీసుకెళ్లమని చెప్పండి.